వదిలెయ్యమన్నది నేనే

లాండ్రీ వెనక వరస, మూడో వాటా
ఎండలు ముదిరిన వారం

అమ్మాయీ,

నేను మీ అత్తను. చెబుతున్నది నేను, రాస్తున్నది పక్కవాటా దర్జీ. ఆయన చేతికి నడుము కొలతలూ చేతి పొడుగులూ రాయడమే అలవాటు. అక్షరాలు ఇరుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదువుకో. చెప్పింది చెప్పినట్టు రాయాలని ముందే మాట తీసుకున్నాను. "అంత ఘాటు ఎందుకు పెద్దమ్మా" అని ఇప్పటికే ఒకసారి కలం ఆపాడు. కళ్ళెర్రజేశాక మళ్ళీ రాస్తున్నాడు.

కుశల ప్రశ్నలు లేవు. మీ బావను జైలుకి పంపేలా ఉన్నారు. ఉద్యోగంతో పోయేదైతే నేను ఈ ఉత్తరం రాయించేదాన్ని కాదు.

పది రోజుల కిందట, మధ్యాహ్నం భోజనాలయ్యాక, లాండ్రీలో బాయిలరు నీళ్ళు అడుగంటాయి. మీ బావ కంగారుగా లేచి పంపు తిప్పాడు. కాలిపోతున్న ఇనుము మీద చన్నీళ్ళు పడ్డాయి. ఆవిరి గొట్టం అతుకు ఊడి, గోడకవతల ఇస్త్రీల గదిలోకి ఆవిరంతా తన్నుకొచ్చింది. ఆ గొట్టం పక్కనే పిచ్చుక బల్ల.

పిచ్చుక నీకు తెలియదు. ప్రెస్సు పిడి అందక మునివేళ్ళ మీద గెంతుతుందని ఆ పేరు పెట్టింది నేనే. పాతికేళ్ళు ఎదురెదురు బల్లల దగ్గర నిలబడి దుప్పట్లు మడిచాం. చుట్టరికం లేకపోయినా వదినా అంటుంది. ఇప్పుడు మొహం కాలింది, రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఇక్కడి ఆసుపత్రిలో ఉంది.

లాండ్రీ వాళ్ళు కాగితం రాశారు, బాయిలరు మనిషి డ్యూటీలో నిద్రపోయాడని. నిద్రపోయాడట! నా కొడుకు! ఇరవై రెండేళ్ళలో ఆ కుర్చీలో ఒక్క కునుకు తీసి ఎరగడు. పెళ్ళాం పోయిన నాలుగో రోజున కూడా వెళ్ళి నీటిమట్టం చూపే గాజుగొట్టం ముందు కూర్చున్నవాడు. బొగ్గు తోసేవాడొచ్చి చూసేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడంటున్నారు. మూసుకునే ఉంటాడు. అది నిద్ర కాదు. అది నీ విద్య. వాడి ఛాతీ దడకి, చేతుల వణుకుకి మందు చెప్పవే అని నేనడిగితే నువ్వు రాసి పంపిన విద్య.

కాబట్టి నా మాట విను. మీ ఆసుపత్రి కాగితం మీద, ముద్ర వేయించి, ఆ విద్య నేర్పింది నువ్వేననీ, కళ్ళు మూసినంత మాత్రాన నిద్ర కాదనీ రాసి పంపు. విచారణ వచ్చే నెల. మీ నాన్న పోయినప్పుడు నిన్ను నా పక్కలో పడుకోబెట్టుకున్నదాన్ని. ఇప్పుడు ఆ రుణం తీర్చమని అడగడం లేదు. తప్పు నీది, నువ్వు ఒప్పుకోవాలి.

మీ అత్త

*

ఆసుపత్రి ఉద్యోగుల వసతి, రెండో అంతస్తు

అత్తయ్యా,

మీ ఉత్తరం వార్డులోనే విప్పాను. చదివాక కాసేపు మందుల గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. బావ ఎలా ఉన్నాడు? అన్నం తింటున్నాడా? ఆ పిచ్చుకగారికి చూపు ఉందా?

నేను రాసింది ఒకటి కాదు అత్తయ్యా, మూడు. ఇక్కడ నొప్పి వార్డులో రోజూ రోగులకు చెప్పేవే. మొదటిది ఒళ్ళు వదులు చేసుకోవడం. పడుకుని, కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి నుదుటి దాకా ఒక్కొక్కచోటా బిగుతు తీసేసుకుంటూ రావడం. అది చేస్తూ నిద్రపోయినా తప్పులేదు. రెండోది ధ్యానం. వేరే పనేదీ లేనప్పుడు, మన మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేనప్పుడు, కూర్చుని ఊపిరి మీద మనసు నిలపడం. చప్పుడైతే అయిందని తెలుసుకుని, దాన్ని పోనిచ్చి, మళ్ళీ ఊపిరి దగ్గరికి రావడం. మూడోది ఎరుక. దానికి కళ్ళు తెరిచే ఉండాలి. చేసే పని దగ్గరే మనసుండాలి, చప్పుడైతే ఏమిటా అని లేవాలి. బావ పని దగ్గర చేయాల్సింది ఈ మూడోదేనని స్పష్టంగా రాశాను.

ఇవి ఒకదాని పని ఒకటి చేయవు. కానీ ఒకదానికొకటి కావాలి. బిగుసుకున్న ఒంటితో కూర్చుంటే ఊపిరి కూడా కనపడదు, అందుకని ముందు వదులు కావాలి. మనసు ఎప్పుడు జారిపోతోందో ధ్యానంలో కూర్చుంటేనే పట్టుబడుతుంది. అలా పట్టుకోవడం అలవాటైతే పని మధ్యలో కూడా జారినప్పుడు తెలుస్తుంది. బావ అన్నేళ్ళుగా కాపలా కాస్తున్నాడు, వదులు అన్నది ఎరగడు. ఆయన ఒళ్ళు విరిగింది అక్కడే అనుకుని మూడూ రాశాను.

మీరడిగిన కాగితం గురించి మా పై అధికారిణిని అడగాలి. ఆవిడ ఊళ్ళో లేరు.

ఒక్క సంగతి తెలియాలి. నా ఉత్తరం బావకు ఎవరు చదివి వినిపించారు?

మీ మేనకోడలు

*

లాండ్రీ వెనక వరస, మూడో వాటా

అమ్మాయీ,

కాగితం అడిగితే పాఠం పంపావు. మీ అధికారిణి ఊళ్ళో లేదట. ఎవరి చెవిలో పువ్వు పెడతావే?

అడిగావు కనుక చెబుతున్నాను. వాడికి ఎవరూ చదివి వినిపించలేదు. ఆ ఉత్తరం వాడు చూడనేలేదు. చేతులు వణుకుతున్న సంగతి గడప దాటనివ్వొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. చేతులు వణికేవాణ్ణి బాయిలరు దగ్గర ఉంచరు. నీకు చెప్పానని తెలిస్తే నా మొహం చూడడు. అందుకని దర్జీ చేత మూడుసార్లు చదివించుకుని, నాకు తెలిసిన పాత చిట్కా అన్నట్టు నోటితో చెప్పాను. అక్షరం రాకపోయినా నా చెవులు బాగానే ఉన్నాయి. కాలివేళ్ళ దగ్గర్నుంచి నుదుటి దాకా నువ్వు చెప్పిన వరస ఇప్పుడు కూడా తప్పులేకుండా అప్పజెబుతాను.

పని నుంచి రాగానే మంచం మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని చెప్పేదాన్ని. ఇప్పుడు పిక్కలు వదులు. ఇప్పుడు నడుము. నలభై మూడేళ్ళవాడు చంటిపిల్లాడిలా వినేవాడు. వారంలో నిద్ర పట్టింది. అప్పుడు కూర్చునేది చెప్పాను. ఏ ఆలోచన వచ్చినా, ఏ చప్పుడైనా, వచ్చింది పోతుంది, దాని వెంట పడకు, వదిలెయ్ అన్నాను. అదీ పట్టుబడింది. ఒకరోజు కంచం ముందు కూర్చుని "కూరలో ఉప్పెక్కువైందమ్మా" అన్నాడు. ఏడాది పైన వాడికి ఉప్పూ తెలియలేదు, కారమూ తెలియలేదు. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మూడోది చెప్పలేదు.

దర్జీ ఇక్కడ కలం ఎత్తి నా మొహంలోకి చూశాడు. రాయవయ్యా అన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, అది వింటుంటే నాకు నవ్వొచ్చింది. పనిచేసేటప్పుడు పని మీద ధ్యాస పెట్టాలట! ఇది చెప్పడానికి నీకు ఆసుపత్రిలో ఉద్యోగమా అనుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిరి ప్రెస్సు కింద దుప్పట్లు పెట్టి తీసినదాన్ని. ధ్యాస లేకపోతే ఈ పది వేళ్ళూ ఉండేవా? నా కొడుకుకి నేను ధ్యాస నేర్పాలా, బాయిలరు పక్కన పెరిగినవాడికి? చెబితే నవ్వుతాడని వదిలేశాను. ప్రెస్సు దగ్గర భుజం వదులుగా ఉంచుకోవడం వేరు, పిడి వదిలేయడం వేరు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పినదాన్ని. మరి కన్నకొడుక్కి చెప్పాలని ఎందుకు తోచలేదో నన్నడక్కు.

అయినా ఇదంతా నీ దగ్గర మొదలైందే. నిద్రపోయాడన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ మాట పడితే వాడు చచ్చిపోతాడు. కాగితం పంపు.

మీ అత్త

*

ఆసుపత్రి ఉద్యోగుల వసతి, రెండో అంతస్తు

అత్తయ్యా,

మా అధికారిణి ఊళ్ళోనే ఉన్నారు. కిందటి ఉత్తరంలో అబద్ధం రాశాను. ఇంకొకటి రాయకుండా దాచాను. అది చెప్పకపోతే నాకు ముద్ద దిగడం లేదు.

బావకు తెలుసు అత్తయ్యా. మీరు కొత్తగా చెప్పేదంతా నా దగ్గర నుంచి వచ్చిందని మొదటి రోజే కనిపెట్టాడట. ప్రమాదానికి వారం ముందు ఆసుపత్రి ఫోనుకి చేశాడు. "మీ అత్త తన అమ్మమ్మ చెప్పిందని చెబుతోంది, నేను నమ్మినట్టు ఉంటున్నాను, నువ్వూ బయటపడకు" అని నవ్వాడు. బావ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. తరవాత అడిగాడు, "ఈ కళ్ళు మూసుకుని కూర్చునేది పని దగ్గర చేసుకోవచ్చా మరదలా? మధ్యాహ్నం అయ్యేసరికి దడ మొదలవుతోంది" అని.

అప్పుడు నా ఎదుట ఒక రోగి వాంతి చేసుకుంటోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, గిన్నె పట్టుకుని ఉన్నాను. "ఎక్కడైనా చేసుకోవచ్చు బావా" అన్నాను. పెట్టేశాను.

ఆయన పని ఏమిటో నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ గాజుగొట్టం నాకు చూపించింది బావే. నీళ్ళు ఈ గీత దిగితే ఈల వేస్తుంది, ఈల వినగానే మంట ఆర్పాలి, పంపు తిప్పకూడదు అని చెప్పింది బావే. ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే చాలు. ఎరుక గురించి రోజూ పదిమందికి చెప్పేదాన్ని, నా నోట్లోంచి ఏం మాట వస్తోందో నేనే చూసుకోలేదు.

కాగితం రాస్తాను. ఉద్యోగం పోతే పోనీ. కానీ అత్తయ్యా, రాసే ముందు మీరొకటి ఆలోచించాలి. అది నిద్ర కాదని నేను రాస్తే, వాళ్ళు వెంటనే అడిగేది ఒక్కటే. నిద్రపోలేదు కదా, మరి ఈల వినపడలేదా అని. ధ్యానంలో చెవులు మూసుకుపోవు. ఇంకా బాగా వినపడతాయి. ఆ ప్రశ్నకి జవాబు బావ దగ్గరే ఉంది. విచారణలో ఎవరో అడిగే ముందు మీరు అడగండి.

మీ మేనకోడలు

*

లాండ్రీ వెనక వరస, మూడో వాటా

అమ్మాయీ,

అడిగాను.

నువ్వు ఫోనులో అన్న మాటకి నిన్ను తిట్టడానికి నోరు తెరిచాను, దర్జీ చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాడు కూడా. కానీ తిట్టు రాలేదు. తరవాతెప్పుడైనా తిడతాను.

వాడు వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున్నించీ అక్కడే. నేను పక్కన చతికిలబడ్డాను.

"ఒరే, నువ్వు నిద్రపోయావా?"

"కాగితం మీద సంతకం పెట్టాగా."

"సంతకం సంగతి కాదు. నేనడుగుతున్నా."

"నీకు తెలుసుగా అమ్మా."

"ఈల వినపడిందా?"

ఎదురింటావిడ బట్టలు ఆరేస్తోంది, అటే చూస్తున్నాడు. ఆమె తీగ మీద చివరి బట్ట వేసి లోపలికి వెళ్ళాక చెప్పాడు.

"వినపడింది. గొట్టంలో నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి, అయిదు నిమిషాలు కూర్చుందామనుకున్నా. దడ తగ్గింది. తరవాత ఈల మొదలైంది. ఈల అనుకున్నా. వచ్చింది, పోతుంది అనుకున్నా."

"ఈల పోతుందా వెధవా! ఇరవై రెండేళ్ళు..."

"పోదని తెలుసు. తెలిసీ అనుకున్నా. పెళ్ళాం పోయాక పద్నాలుగు నెలలకి ఛాతీలో చప్పుడు ఆగిందమ్మా. లేస్తే మళ్ళీ మొదలవుతుంది. ఇంకొక్క ఊపిరి, అంతే, లేస్తా అనుకున్నా. తరవాత ఇంకొక్కటి. ఎన్ని అనుకున్నానో తెలియదు. బొగ్గు తోసేవాడు అరిస్తే లేచా. లేచి పంపు తిప్పా. తిప్పకూడదని చిన్నపిల్లలకి కూడా చెప్పినవాణ్ణి."

నిద్రపోయానని ఎందుకు సంతకం పెట్టావురా అన్నాను. లాండ్రీ పనివాళ్ళ సంఘం పెద్ద చెప్పాడట. వరసగా రెండు డ్యూటీలు చేయించారు కనుక నిద్ర పట్టిందంటే సగం తప్పు యాజమాన్యానిది అవుతుందనీ, ఇంకేదీ మాట్లాడొద్దనీ. వాడు ఆయనకి కూడా అసలు సంగతి చెప్పలేదు. "విన్నానంటే మొత్తం నాదేనమ్మా" అన్నాడు.

నేనేం చేశానో తెలుసా? నాకు వేరే ఏమీ తెలియదు కదా. వాడి కాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను. వేళ్ళు వదులు చెయ్యి నాన్నా, పిక్కలు వదులు చెయ్యి అని మొదలుపెట్టాను. కాలు లాగేసుకున్నాడు. కోపంగా కాదు. "నన్ను మళ్ళీ చల్లబరచకమ్మా. ఇప్పుడు ఏది వినపడినా విననీ" అన్నాడు.

నీ మూడింటిలో ఇలాంటివాడికి ఏది చెప్పాలో రాయి. ఏదీ లేకపోతే లేదని రాయి.

ఈ సంగతి ఎవరికీ చెప్పనని దర్జీ చేత ఒట్టు వేయించుకున్నాను. కుట్టుమిషను మీద చెయ్యి పెట్టి వేశాడు.

మీ అత్త

*

ఆసుపత్రి ఉద్యోగుల వసతి, రెండో అంతస్తు

అత్తయ్యా,

కాగితం దీనితో పాటే పంపుతున్నాను. ఆసుపత్రి ముద్ర లేదు, అడిగితే కుదరదన్నారు. నా సంతకం ఉంది. నేను నేర్పింది, నేను ఫోనులో అన్నది, రెండూ ఉన్నాయి. ఇవ్వాలో వద్దో మీ ఇష్టం. నేను చెప్పలేను. ఇవ్వొద్దని చెబితే నన్ను నేను కాపాడుకున్నట్టుంటుంది, ఇవ్వమంటే బావ మెడకి నేనే తాడు వేసినట్టుంటుంది.

మీరడిగినదానికి జవాబు. ఇప్పుడు బావను కళ్ళు మూసి కూర్చోబెట్టకండి. ఆ చీకట్లో ఏం కనిపిస్తుందో మనకు తెలుసు. ఒళ్ళు వదులు చేయించబోతే ఆయనకు అది తప్పించుకోవడంలా తోస్తోంది, బలవంతం చేయకండి. మిగిలింది మూడోది. అది సుఖాన్నివ్వదు అత్తయ్యా. ఉన్నది ఉన్నట్టు చూడటం మాత్రమే. మందు అని దాన్ని నేను ఎవరికీ చెప్పలేను ఇప్పుడు. పక్కన కూర్చోండి. ఒంటరిగా వదలకండి. ఇక్కడి డాక్టరుకి చూపిస్తానని, నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పండి. ఈ వార్డులో సెలవు దొరికిన రోజున బయలుదేరతాను.

మీ మేనకోడలు

*

లాండ్రీ వెనక వరస, మూడో వాటా

అమ్మాయీ,

విచారణ అయింది, ఏం తేల్చారో ఇంకా చెప్పలేదు. నీ కాగితం నా జాకెట్టులో పెట్టుకుని వెళ్ళాను. పొడుగుబల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. అందులో ఒకాయన నన్ను చూసి "ఈ ముసలావిడ ఎందుకు" అన్నాడు. మామూలుగా అయితే వాడి ఏడుతరాలనీ దులిపేదాన్ని. నోరు మెదపలేదు. మీ అబ్బాయి నిద్రలేమితో ఉన్నాడా అని అడిగారు. ఉన్నాడన్నాను. వరసగా రెండు డ్యూటీలు చేశాడా? చేశాడన్నాను. వేలిముద్ర వేయమంటే వేశాను. కాగితం బయటికి తీయలేదు. నిద్రపోయాడన్న మాట పడనివ్వనని నీ మీద అరిచినదాన్ని, ఆ మాటకే వేలు నొక్కి వచ్చాను.

అక్కణ్ణుంచి పిచ్చుక దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను? కిటికీ పక్క మంచం. మొహమంతా కట్లు, ముక్కు దగ్గర కాస్త, నోటి దగ్గర కాస్త ఖాళీ ఉంచారు. చేతులు రెండూ దిళ్ళ మీద ఎత్తిపెట్టారు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది.

"వదినా, ఇన్నాళ్ళకి తీరిందా?"

"రాలేకపోయానే."

"నా బల్ల దగ్గర ఎవరిని పెట్టారు?"

"ఎవర్నో పొడుగుదాన్ని పెట్టారు."

"దానికి పిడి అందుతుందిలే" అని నవ్వబోయింది. కట్లు లాగాయి కాబోలు, అమ్మా అంది. కాసేపటికి అడిగింది.

"ఒక్కటి చెప్పు. నీ నోటితో చెప్పు, వాళ్ళూ వీళ్ళూ ఏవేవో అంటున్నారు. ఆ ఈల నాకు గోడ ఇవతల నుంచి వినపడింది. నేను బల్లల దగ్గరి పిల్లలతో చెప్పా, మా వదిన కొడుకు ఉన్నాడు, చూసుకుంటాడు, కదలకండి అని. వాడు నిజంగా నిద్రపోయాడా?"

అమ్మాయీ, నేను పుట్టి డెబ్భై ఒక్క ఏళ్ళు. నోటి దురుసుతనానికి నన్ను తిట్టనివాళ్ళు లేరు, అబద్ధానికి మాత్రం ఎవరూ వేలు చూపలేదు.

"నిద్రపోయాడే" అన్నాను.

ఊపిరి గట్టిగా వదిలింది. "అదే అనుకున్నా. వినపడి ఉంటే ఉరికేవాడు. పెళ్ళాం పోయినవాడు, ఎన్నాళ్ళని మేలుకుంటాడు పాపం? నాకు వాడి మీద ఏమీ లేదని చెప్పు వదినా. నిద్ర ఎవరి చేతుల్లో ఉంది? మర్చిపోకుండా చెప్పు."

చెబుతానన్నాను. గాయాలు లేని పాదాల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. నర్సు లేచి వెళ్ళమనేదాకా కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి వాడు వరండాలో అలాగే ఉన్నాడు. చెప్పకూడదనుకున్నాను. కానీ మాటిచ్చాను కదా. "పిచ్చుక నీకు చెప్పమంది. నీ మీద ఏమీ లేదంది" అన్నాను.

"ఏమని చెప్పావు?"

"నిద్రపోయావనే చెప్పాను."

తలూపాడు. చాలా మెల్లగా ఊపాడు, ఎవరో దూరాన్నించి పిలిస్తే వినపడిందన్నట్టు.

"అయితే ఆ నిద్రపోయినవాణ్ణి క్షమించింది. నన్ను కాదుగా" అన్నాడు.

ఎంత తొందరగా వస్తే అంత మంచిది. నువ్వొచ్చేదాకా నేను వాడి పక్కనుంచి లేవను.

మీ అత్త